పుష్పకంలో రాముడు సీతకు ఏం చూపించాడు?



ఏటా కేదార్‌నాథ్ గుడి తలుపులు తెరిచే రోజులు దగ్గర పడుతున్నాయంటే చాలు, మా ఛానల్‌కి ఒకే రకం ప్రశ్న వస్తుంది. ఈసారి ఒక అమ్మాయి చాలా వివరంగా రాసింది. "గురువుగారూ, మాకు పెళ్లయి రెండేళ్లు. ఇద్దరం చోప్తా దగ్గర టెంట్లలో నాలుగు రోజులు ఉండి, అటునుంచి హెలికాప్టర్‌లో కేదార్ వెళ్దామనుకుంటున్నాం. పైనుంచి హిమాలయాలు చూడాలని నా ఆశ. మా అమ్మమ్మేమో, నడవకుండా వెళితే అది యాత్ర కాదే, షికారు అంటోంది. మా వారు ఇప్పుడు డైలమాలో పడ్డారు. ఏం చేయమంటారు?"

ముందు అమ్మమ్మగారికి నమస్కారం. ఆవిడ తరం వాళ్లు అంత దూరం వెళ్లడమే గొప్ప, వెళ్లి తిరిగి రావడం ఇంకా గొప్ప. ఆ మాట వెనక బోలెడంత కష్టం ఉంది. కానీ తల్లీ, కొండకి నడిచి వెళ్లినంత మాత్రాన స్వామి దొరికేస్తాడని కేదార క్షేత్ర కథే చెప్పదు. కురుక్షేత్రం అయ్యాక బంధువులను చంపిన పాపం పోగొట్టుకుందామని పాండవులు శివుణ్ణి వెతుక్కుంటూ ఆ కొండలెక్కారు. నడిచే ఎక్కారు పాపం, వాళ్లకి ఫాటాలో హెలిప్యాడ్ లేదు కదా! అయినా స్వామి వాళ్లకి కనపడటం ఇష్టం లేక ఎద్దు రూపంలో దాక్కున్నాడు. భీముడు పట్టుకోబోతే భూమిలోకి దిగిపోయాడు. మూపురం కేదార్‌లో, బాహువులు తుంగనాథ్‌లో, ముఖం రుద్రనాథ్‌లో, నాభి మధ్యమహేశ్వర్‌లో, జటలు కల్పేశ్వర్‌లో తేలాయని పంచకేదారాల కథ. అంత నడిచిన వాళ్లకే మొహం ఒక చోట, మూపురం ఒక చోట దొరికాయి.

ఇంకో మాట. నడవలేని వాళ్లు గుర్రం ఎక్కుతారు, డోలీ ఎక్కుతారు, కండీలో కూర్చుంటారు. కండీ అంటే ఒక మనిషి వీపున కట్టుకునే బుట్ట. కష్టపడితేనే పుణ్యం అని లెక్క కడితే, అక్కడ కష్టపడుతున్నది ఎవరు? పుణ్యం ఎవరి ఖాతాలో పడాలి? ఈ లెక్క మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు.

నిజం చెప్పాలంటే ఈ ప్రశ్న నాకు వేదాంతం కాదు. మా ఇంట్లో ప్రశ్న. మా ఆవిడకి నలభై నిండకుండానే రుమటాయిడ్ కీళ్లవాతం వచ్చింది. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు, మోకాళ్లు ఒక్కోరోజు మాట వింటాయి, ఒక్కోరోజు వినవు. మొన్న మే నెలలో మేమిద్దరం వెళ్లాం. చోప్తాకి దిగువన సారి అనే ఊరి పక్కన టెంట్ వేసుకున్నాం. పైన పచ్చిక మైదానాల్లో, అక్కడి వాళ్లు బుగ్యాల్ అంటారు, టెంట్లు వేయకూడదు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు అక్కడ రాత్రి బస నిషేధించింది. ఎవరైనా తక్కువ డబ్బుకి బుగ్యాల్ మీదే పడుకోబెడతామంటే వద్దని చెప్పండి. ఆ గడ్డి ఒకసారి పోతే మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది.

తుంగనాథ్ గుడికి చోప్తా నుంచి నాలుగు కిలోమీటర్ల లోపే. కానీ గుడి ఉన్నది 3,680 మీటర్ల ఎత్తున, అన్నీ మెలికల మెట్ల దారులు. ఆవిడ నన్ను వెళ్లి రమ్మంది, తను టెంట్ దగ్గరే కుర్చీలో కూర్చుని ఉండిపోయింది. నేను దిగి వచ్చేసరికి సాయంత్రం అయింది. టీ తాగుతూ, ఎటో చూస్తూ అడిగింది. "ఏమండీ, రేపు ఆ హెలికాప్టర్‌లో వెళ్తే, నడవనిదాన్ని ఆయన లెక్కలో వేసుకుంటాడంటారా?"

నవ్వుతూ అడగలేదు. నొప్పితో ఉన్న మనిషి తన ఒంటి మీద తనే కోపం తెచ్చుకుని అడిగే ప్రశ్న అది. మీ ఇంట్లో అలాంటి జబ్బున్న వాళ్లుంటే ఆ గొంతు మీకు తెలిసే ఉంటుంది. పాండవుల కథ చెప్పి నెగ్గేయొచ్చు. అప్పుడు నాకు ఆ కథ గుర్తు రాలేదు. యుద్ధకాండ చివర్లో పుష్పక విమాన ఘట్టం గుర్తొచ్చింది. ఆ రాత్రి చలిమంట దగ్గర తనకి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతాను.

చూడండి, సీతారాముల కన్నా ఎక్కువ రోజులు అడవుల్లో, కొండల మీద ఆకుల పాకల్లో గడిపిన జంట ఎవరున్నారు? పద్నాలుగేళ్లు. చిత్రకూటం, దండకారణ్యం, గోదావరి ఒడ్డు. నేల మీద ఆ దారంతా రాముడు నడిచే వెళ్లాడు. అలాంటి వాడు తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కాడు. ఎందుకు? వాల్మీకి కారణం చెప్తాడు. విభీషణుడు కొన్నాళ్లు ఉండి విందు చేసుకుని వెళ్లమని బతిమాలతాడు. రాముడు వద్దంటాడు. అక్కడ భరతుడు ఎదురుచూస్తున్నాడు, అయోధ్యకి దారి చాలా కష్టమైనది అంటాడు. పద్నాలుగేళ్లు నిండిన మర్నాడు రాకపోతే అగ్నిలో దూకుతానన్నవాడు భరతుడు. అప్పుడు విభీషణుడు ఒక్క పగటిలో చేరుస్తానని పుష్పకం తెప్పిస్తాడు. అంటే దారి కష్టం, ఎదురుచూసే మనిషి ఉన్నాడు, ఎక్కడం తప్పు కాలేదు. ఇక్కడితో అమ్మమ్మగారి ప్రశ్నకి జవాబు అయిపోయింది.

అసలు సంగతి విమానం ఎక్కిన తర్వాత మొదలవుతుంది.

దానికి ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. రావణుడు చనిపోయాక సీతని సభలోకి పిలిపిస్తాడు రాముడు. అందరి ముందూ చాలా కఠినంగా మాట్లాడతాడు. ఈ యుద్ధం నీ కోసం చేసింది కాదు, నా గౌరవం కోసం, నా వంశం మీద మచ్చ పోగొట్టుకోవడం కోసం అంటాడు. ఆమె కూడా ఊరుకోలేదు. ఎవరో సామాన్యుడు ఎవరో సామాన్య స్త్రీతో అన్నట్టు ఇలాంటి మాటలా అని అడిగింది. తర్వాత అగ్నిప్రవేశం. మన ఛానల్ చూసే ఆడపిల్లలు చాలామంది నన్ను ఈ ఘట్టం గురించే నిలదీస్తారు. నిలదీయండి. దానికి వ్యాఖ్యానాలు చాలా ఉన్నాయి, నేనూ కొన్ని చెప్పాను. అయినా ఆ మాటలు చదివినప్పుడల్లా నాకు గొంతులో ముల్లులానే ఉంటుంది. ఆ ముల్లు తీసేయాలని ఈ రోజు నేను ప్రయత్నించట్లేదు.

కానీ ఆ మాటలన్న కొద్ది కాలానికే వాళ్లిద్దరూ ఒకే విమానంలో ఉన్నారు. దాదాపు ఏడాది విడిగా బతికారు, కలిసిన రోజే అంత జరిగింది. వాల్మీకి మహర్షి ఒక చిన్న వివరం రాశాడు. సిగ్గుపడుతున్న సీతను ఒడిలోకి తీసుకుని రాముడు విమానం ఎక్కాడట. సుగ్రీవుడు, వానరులు, విభీషణుడు అందరూ చుట్టూ ఉన్నారు. విమానం లేచింది. ఇక రాముడు కిందికి వేలు పెట్టి చూపిస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు.

మొదట యుద్ధభూమి. ఇదిగో ఇక్కడ కుంభకర్ణుడు, ఇక్కడ ఇంద్రజిత్తు అని చూపిస్తాడు. రావణుడు పడిన చోటు చూపించి, నీ కోసం వీణ్ణి చంపాను అంటాడు. ఆగి మళ్లీ చదవండి. సభలో నీ కోసం కాదు అన్నవాడు, ఆకాశంలో నీ కోసమే అంటున్నాడు. తర్వాత సముద్రం మీద వారధి చూపిస్తాడు. నలుడు కట్టిన ఆ కష్టమైన సేతువు కూడా నీ కోసమే అంటాడు. క్షమించమని అడిగినట్టు వాల్మీకి ఎక్కడా రాయలేదు. సభలో అన్న మాట తప్పని ఒప్పుకున్నట్టూ రాయలేదు. ఆ ఒక్క మాట మాత్రం తిరగబడింది. నా మటుకు నాకు యుద్ధకాండలో బ్రహ్మాస్త్రం కన్నా ఈ మార్పే పెద్దది. పెద్దలు ఎవరైనా దీన్ని వేరేగా చెప్తే వింటాను, కానీ నాకు ఇలాగే వినపడుతుంది.

ఇంకో చోటు కూడా చూపిస్తాడు, జనం పట్టించుకోరు గానీ. మండోదరి తన భర్త కోసం ఏడ్చిన చోటు. గెలిచినవాడు భార్యకి ఆకాశంలోంచి చూపించిన వాటిలో శత్రువు భార్య కన్నీళ్లు ఉన్నాయి.

ఆ తర్వాత ఋష్యమూకం, పంపా సరస్సు. ఇక్కడ నువ్వు లేక ఎంతో దుఃఖంతో విలపించాను అని చెప్తాడు. ఒక్కసారి ఊహించండి. అశోకవనంలో ఆమె ఏడ్చింది, అది హనుమంతుడు చూశాడు, వచ్చి రాముడికి చెప్పాడు. రాముడు ఏడ్చింది ఆమె చూడలేదు. ఏడ్చిన చోటు పైనుంచి వెళ్తున్నప్పుడు ఆయనే నోరు విప్పి చెప్పాడు. మన మగపిల్లలు ఎంతమంది చెప్తారు? ఉద్యోగం పోయిన నెల ఎలా గడిచిందో, ఆవిడ పుట్టింట్లో ఉన్నప్పుడు రాత్రి పదింటికి వంటగదిలో నిలబడి ఏం తిన్నామో చెప్పం. బాగానే ఉన్నా అంటాం. రాముడు బాగానే ఉన్నా అనలేదు.

గమనిస్తే ఈ ప్రయాణమంతా కాలం వెనక్కి నడిచినట్టు ఉంటుంది. ముందు యుద్ధం, తర్వాత విరహం, తర్వాత జటాయువు పడిన చోటు, అక్కడే గోదావరి ఒడ్డున వాళ్ల పర్ణశాల, నిన్ను ఎత్తుకుపోయింది ఇక్కడే అని కూడా చూపిస్తాడు. ఆ చోటు తప్పించి వేరే వైపు చూపించొచ్చు కదా? తప్పించలేదు. (ఆ పర్ణశాల మా భద్రాచలం పక్కనే అని మేమంటాం, నాసిక్ వాళ్లు పంచవటి మాదే అంటారు. ఈ తగువు నేను తీర్చను.) ఆ చోటు దాటాకే అగస్త్యుడి ఆశ్రమం, అత్రి ఆశ్రమం, చిత్రకూటం, యమున, గంగ, గుహుడి శృంగిబేరపురం, చివరికి దూరంగా అయోధ్య వస్తాయి. మళ్లీ వచ్చావు, అయోధ్యకి నమస్కరించు సీతా అంటాడు.

సీత ఏం అడిగింది? అది కూడా ఉంది. కిష్కింధ కనపడగానే, తారని, మిగతా వానరుల భార్యలని కూడా మనతో తీసుకెళ్దాం అంది. ఆమె కోసం ఆ ఊరి మగవాళ్లందరూ ఇళ్లు వదిలి యుద్ధానికి వచ్చారు. వాళ్ల ఆడవాళ్లు ఇంట్లో ఉండి ఎదురుచూశారు. ఎదురుచూడటం అంటే ఏమిటో సీతకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? రాముడు విమానం ఆపించాడు. వాళ్లు వచ్చి ఎక్కారు. ఆమె కిందికి చూసినప్పుడు కనపడింది కొండలూ కోటలూ కాదు, ఆ ఇళ్లలో ఆడవాళ్లు.

ఇంతా చెప్పాక మా ఆవిడ "పడుకుందాం, చలేస్తోంది" అంది. అంతే.

మర్నాడు కొండ దిగి ఫాటా వచ్చాం. అక్కడి లోకం వేరు. ఆధార్ చూస్తారు, మనిషిని తూకం వేస్తారు, బ్యాగు రెండు కిలోలకి మించకూడదంటారు. బరువు బట్టి ఎవరెక్కడ కూర్చోవాలో వాళ్లే చెప్తారు, కిటికీ సీటు మనం కోరుకుంటే వచ్చేది కాదు. మా ముందు వరసలో ఒక కొత్త జంట, పక్కపక్కన కూర్చోబెట్టలేదని అమ్మాయి చిన్నబుచ్చుకుంది. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. మాకు అదృష్టం కొద్దీ ఆవిడకి కిటికీ వచ్చింది, నేను పక్కన.

లోపల ఆ రెక్కల మోతకి పక్క మనిషి మాట వినపడదు. రాముడికి ఆ ఇబ్బంది లేదు! మొత్తం పది నిమిషాల లోపు ప్రయాణం. మందాకిని కింద తెల్లటి దారంలా ఉంది. ఒక చోట మా ఆవిడ నా చేయి గట్టిగా పట్టుకుంది. భయపడుతోందేమో అనుకున్నాను. రెండో చేత్తో కిందికి చూపిస్తోంది. చూశాను. రాళ్లు, నది, మలుపు. ఏమీ లేదు అక్కడ. ఏమిటని సైగ చేస్తే తల అడ్డంగా ఊపింది. మళ్లీ చెప్తా అని.

దిగాక, హెలిప్యాడ్ నుంచి గుడి వైపు మెల్లగా నడుస్తూ చెప్పింది. గుడి ఎత్తు 3,583 మీటర్లు. గాలి పల్చగా ఉంటుంది. నడిచి వచ్చేవాళ్లకి ఒళ్లు కొంచెమైనా అలవాటు పడుతుంది, మనం ఒక్కసారిగా వచ్చి పడతాం. పదడుగులకోసారి ఆగుతూ చెప్పింది.

మా పెళ్లికి ముందు, 2010లో తను వాళ్లమ్మతో ఇక్కడికి నడిచి వచ్చింది. గౌరీకుండ్ నుంచి అప్పట్లో 14 కిలోమీటర్లు. సగం దారిలో రాంబాడా అని చిన్న ఊరు లాంటి మజిలీ ఉండేది. టీ కొట్లు, సత్రాలు. అక్కడ వాళ్లమ్మ చెప్పు తెగింది. ఒక టీ కొట్టాయన సూదీ దారం తీసుకుని కూర్చుని కుట్టి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. తిరిగి వెళ్లేటప్పుడు టీ తాగి వెళ్లండి మాతాజీ అన్నాడు. తిరుగు ప్రయాణంలో వానపడి, చీకటి పడి, ఆగకుండా దిగిపోయారు. 2013 జూన్‌లో చోరాబాడీ సరస్సు తెగి మందాకిని పొంగినప్పుడు రాంబాడా మొత్తం కొట్టుకుపోయింది. ఇప్పుడు అక్కడ ఊరు లేదు. దారి కూడా రాంబాడా దగ్గర నది దాటి రెండో ఒడ్డున వేశారు. టీవీలో ఆ వరదలు చూపిస్తున్నప్పుడు మా అత్తగారు ఆ టీ కొట్టాయన ఏమయ్యాడో అని అడుగుతూనే ఉండేవారట. ఇప్పుడు ఆవిడా లేరు.

"ఆ మలుపే అండీ. కింద ఏమీ లేదు, కానీ ఆ మలుపు నాకు తెలుసు," అంది.

ఇన్నేళ్ల కాపురంలో నాకు తెలియని ఒక ఏడాది, ఒక దారి, ఒక మనిషి ఆమె దగ్గర ఉన్నాయి. రాత్రి రామాయణం చెప్పింది నేను. పైనుంచి చూపించింది తను.

గుడిలో తీర్థపురోహితుడు సంకల్పానికి పేర్లు అడిగాడు. మా ఆవిడ మా గోత్రం చెప్పి, వాళ్లమ్మ పేరు చెప్పి, ఆగి "రాంబాడా చాయ్‌వాలే భయ్యా" అంది. పేరు? తెలీదు. ఆయన మా మొహాలు చూశాడు. ఆ కొండల వాళ్లకి 2013 అంటే వేరే వివరం అక్కర్లేదు. మరో మాట అడగకుండా 'రాంబాడా నివాసీ' అని సంకల్పంలో కలిపి చదివాడు. తర్వాత ఆవిడ ఆ రాతి మూపురానికి నెయ్యి రాసింది. వేళ్లు సరిగ్గా ముడుచుకోని చెయ్యి. స్వామి లెక్కలో వేసుకున్నాడా లేదా అని మళ్లీ అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు.

ఇక వెళ్లాలనుకునే జంటలకి రెండు ముక్కలు, కొంచెం గట్టిగానే చెబుతా. టికెట్టు ప్రభుత్వ హెలీయాత్ర వెబ్‌సైట్‌లోనే కొనండి, నకిలీ సైట్లు బోలెడు. అంతకన్నా ముఖ్యం, మబ్బు పట్టింది, ఈ పూట ఎగరం అంటే కౌంటర్ దగ్గర గొడవ చేయకండి. 2022 అక్టోబర్ 18న గరుడ్ చట్టీ దగ్గర, 2025 జూన్ 15న గౌరీకుండ్ పైన అడవిలో హెలికాప్టర్లు కూలాయి. రెండుసార్లూ పైలట్‌తో సహా 7 మంది చొప్పున పోయారు. రెండోసారి అందులో రెండేళ్లు నిండని పసిపాప కూడా ఉంది. రెండుసార్లూ ఎదురుగా దారి కనపడని వాతావరణమే. రెండు గంటలు ఆలస్యమైతే, సెలవు ఒక రోజు ఎక్కువైతే ఏం మునిగిపోదు. స్వామి ఆరు నెలలు అక్కడే ఉంటాడు, మిగతా ఆరు నెలలు కిందున్న ఊఖీమఠ్‌లో పూజలందుకుంటాడు.

ఇంకోటి. ఆ లోయ అంతా కస్తూరి మృగాలు తిరిగే అభయారణ్యం. నడిచే వాళ్ల నెత్తి మీదుగా, ఆ జంతువుల నెత్తి మీదుగా మన మోత రోజంతా సాగుతుంది. కాళ్లు బాగున్న పాతికేళ్ల వాళ్లు ఒకసారి ఆలోచించండి. వెళ్లేది హెలికాప్టర్‌లో అయినా వచ్చేది నడిచి రావొచ్చు. దిగేటప్పుడు దారిలో కండీ మోసే అతను ఎదురైతే పక్కకి తప్పుకుని దారి ఇవ్వండి, వీలైతే టీ తాగించండి.

పైనున్నప్పుడు రీల్ తీసుకోండి, నేను వద్దనను. మేమూ ఒకటి తీశాం, ఈ వారం వీడియో చివర్లో పెట్టాం, కొంచెం వణికింది. కానీ దిగాక టీ కొట్టు దగ్గర కూర్చుని ఫోన్ పక్కన పెట్టి, విడిగా గడిచిన రోజుల్లో ఏదో ఒకటి చెప్పుకోండి. పంపా ఒడ్డు లాంటిది మీకూ ఒకటి ఉండే ఉంటుంది.

పుష్పకం సంగతి మర్చిపోయాను. అది రావణుడిది కాదు, కుబేరుడి దగ్గర లాక్కున్నది. రాముడు భరతుడి ఆశ్రమం దగ్గర దిగగానే దాన్ని ఉంచుకోలేదు. కుబేరుడి దగ్గరికే వెళ్లిపొమ్మని పంపేశాడు. ఖాళీ విమానం ఉత్తరం వైపు వెళ్లింది. అక్కడి నుంచి రథమే. వచ్చే శుక్రవారం నందిగ్రామంలో భరతుడు పాదుకలు తెచ్చి అన్నగారి కాళ్లకు తొడిగే ఘట్టం దగ్గర కలుద్దాం.